తోట ఇంట్లో సోలార్ కరెంటు: ఎండ గంటలకు వాడకం గంటలను ఎలా జోడించాలి

సాయంత్రం ఏడు గంటలు. అమ్మ ఇడ్లీ పిండికి గ్రైండర్ వేసింది. హాల్లో ఫ్యాన్లు, టీవీ నడుస్తున్నాయి. ట్యాంకు అడుగంటిందని తమ్ముడు వెళ్లి బోరు మోటారు స్టార్టర్ నొక్కాడు. లైట్లు ఒక్కసారి మసకబారాయి, టక్కుమని ఇల్లంతా చీకటైపోయింది. ఇన్వర్టర్ ఒక్కటే కీచుకీచుమంటోంది. "పిండి రుబ్బుకోవాలన్నా నిన్ను అడగాల్నా నాయనా?" అంది అమ్మ. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

మదనపల్లె దగ్గర మామిడి తోటలో మా ఇల్లు. కరెంటు లైను చాలా దూరంలో ఆగిపోయింది కాబట్టి 3 కిలోవాట్ల ప్యానెళ్లు, ఇన్వర్టర్, బ్యాటరీలతోనే బతుకుతున్నాం. మొదట్లో ఇలాంటి చీకటి వారానికి రెండు మూడుసార్లు వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. ఈ మధ్యలో ప్యానెల్ ఒక్కటి కూడా అదనంగా వేయలేదు. ఏ పని ఏ గంటలో చేయాలన్నదే మార్చుకున్నాం. ఆ మార్చుకున్న పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఇది లైను లేనివాళ్ల కోసం, లేదా లైను ఉన్నా బ్యాటరీ మీదే ఎక్కువ ఆధారపడేవాళ్ల కోసం. పీఎం సూర్యఘర్ పథకంలో నెట్ మీటర్‌తో పెట్టుకున్నవాళ్లకు ఈ తిప్పలు తక్కువ. మీకు మిగిలింది గ్రిడ్ తీసుకుంటుంది, తక్కువైంది గ్రిడ్ ఇస్తుంది. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి: గ్రిడ్‌కు కలిపి నడిచే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. పైన ఎండ మండిపోతున్నా సరే. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకూడదని అలా తయారు చేస్తారు.

అసలు లెక్క ఏమిటంటే

కరెంటు పుట్టిన క్షణంలోనే ఖర్చయిపోవాలి, లేదా ఎక్కడో నిల్వకు చేరాలి. పెద్ద గ్రిడ్‌లో ఈ తూకం 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలో కనబడుతుంది. వాడకం ఎక్కువైతే అది కిందికి జారుతుంది, తక్కువైతే పైకి పోతుంది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిలో తూకం చెడి, రెండో రోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ పడిపోయాయి. 60 కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతం ఆగిపోయింది. మన దక్షిణ గ్రిడ్ అప్పటికి వాటితో కలవలేదు, 2013 డిసెంబరు 31న కలిసింది. అందుకే మనకు ఆ దెబ్బ తగల్లేదు.

అంత పెద్ద గ్రిడ్‌లో ఒక ఊరు మోటార్లన్నీ వేసినా పెద్దగా తెలియదు. మీ ఇంట్లో మాత్రం ఒక్క మోటారు అంటే మొత్తం కరెంటులో సగం. చిన్న వ్యవస్థలో ప్రతి స్విచ్చూ తూకాన్ని కదిలిస్తుంది. కాబట్టి గ్రిడ్ తూకం చూసే లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో ఇంజనీర్లు చేసే పని ఇక్కడ మీరే చేయాలి. భయపడకండి, ఒక నోటు పుస్తకం చాలు.

మొదటి పని: ఇంట్లో ప్రతి వాట్‌నూ రాయండి

వస్తువు వెనక స్టిక్కర్ మీద వాట్లు ఉంటాయి. ఆ వాట్లను రోజుకు ఎన్ని గంటలు వాడతారో దానితో గుణించి, వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. మా ఇంటి లెక్క ఇది.

ఎల్ఈడీ బల్బులు నాలుగు, ఒక్కోటి 9 వాట్లు, 5 గంటలు: 0.18 యూనిట్.
తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 30 వాట్లు, 10 గంటలు: 0.9 యూనిట్.
ఫ్రిజ్: దాదాపు 1 యూనిట్.
టీవీ 60 వాట్లు, 4 గంటలు: 0.24.
మిక్సీ, గ్రైండర్ కలిపి: 0.2.
వైఫై, కెమెరా, ఛార్జర్లు కలిపి 20 వాట్లు, 24 గంటలు: 0.48.
ఇంటి నీళ్లకు 1 హెచ్‌పీ మోటారు, ముప్పావు గంట: 0.8.

మొత్తం 3.8 యూనిట్లు. నేను మొదట ఇక్కడే ఆగిపోయాను, తప్పు అక్కడే జరిగింది. ఇన్వర్టర్ తనకోసం తాను తినే కరెంటును మరిచిపోయాను. ఏ లోడూ లేకపోయినా మా ఇన్వర్టర్ 40 వాట్లు తీసుకుంటుంది. రోజంతా కలిపితే దాదాపు ఒక యూనిట్, అంటే ఇంకో ఫ్రిజ్ పెట్టుకున్నట్టే. అది కలిపితే 4.8 అయింది. మీ ఇన్వర్టర్ మాన్యువల్‌లో నో లోడ్ దగ్గర ఎంత రాశారో చూడండి. కావలసిన దానికంటే చాలా పెద్ద ఇన్వర్టర్ కొంటే ఈ తిండి ఇంకా పెరుగుతుంది.

ఫ్యాన్ల సంగతి ఒకసారి చూడండి. పాత 75 వాట్ల ఫ్యాన్లే ఉంటే 0.9 కాస్తా 2.25 అయ్యేది. ఆ తేడాలో ఎక్కువ భాగం రాత్రిపూటదే, అంటే నేరుగా బ్యాటరీ మీద పడేది. ఫ్యాన్లు మార్చిన ఖర్చు బ్యాటరీల ఖర్చు ముందు చాలా తక్కువ. డబ్బు పెట్టే ఆలోచన ఉంటే ముందు ఫ్యాన్ల మీద పెట్టండి, ఆ తర్వాతే బ్యాటరీ షాపు గడప తొక్కండి.

ఇప్పుడు రెండో గీత గీయండి. ఈ 4.8లో పొద్దు గూకాక ఖర్చయ్యేది ఎంత? మాకు ఫ్యాన్లు, లైట్లు, టీవీ, ఫ్రిజ్‌లో సగం, వైఫై, ఇన్వర్టర్ సొంత తిండి కలిపి 2.5 యూనిట్లు వచ్చింది. మొత్తం ఎంత అన్నదానికంటే ఈ అంకె ముఖ్యం. పగటి యూనిట్ ప్యానెల్ నుంచి నేరుగా వస్తుంది. రాత్రి యూనిట్ బ్యాటరీలోకి దిగి మళ్లీ పైకి రావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆ దారిలో ఐదో వంతు వరకు పోతుంది. కాబట్టి రాత్రి 2.5 యూనిట్ల కోసం పగలు 3.1 పుట్టించాలి. అన్నీ కలిపి రోజుకు ప్యానెళ్ల నుంచి 5.4 యూనిట్లు కావాలి.

రెండో పని: మీ ఎండ ఎంత ఇస్తుందో కొలవండి

మన రెండు రాష్ట్రాల్లో 1 కిలోవాట్ ప్యానెల్ ఎండ రోజున సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. మా 3 కిలోవాట్లకు 12. మబ్బు పట్టిన రోజు అందులో సగం కూడా రాకపోవచ్చు. ముసురు పట్టి చీకటి కమ్మిన రోజైతే రెండు మూడు యూనిట్లు వచ్చినా సంతోషించాలి. లెక్క ఎప్పుడూ మీ ఊరి చెడ్డ నెలకు వేయండి. తెలంగాణ వైపు ఆ చెడ్డ రోజులు జులై, ఆగస్టుల్లో ఉంటాయి. మాకు మాత్రం నవంబరు, డిసెంబరు తుఫాను రోజులు. బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియోలో వినగానే నేను వెళ్లి బ్యాటరీ చూసుకుంటాను.

మండు వేసవిలో ప్యానెల్ బాగా ఇస్తుందని చాలామంది అనుకుంటారు. ప్యానెల్ వేడెక్కితే దిగుబడి తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ దాదాపు 0.35 శాతం చొప్పున పోతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 14 శాతం అక్కడే తరుగు. దానికి దుమ్ము తోడు. మా 3 కిలోవాట్ల ప్యానెళ్లు మిట్టమధ్యాహ్నం నిజంగా ఇచ్చేది 2.2 నుంచి 2.4 కిలోవాట్లు.

నీడ ఇంకా పెద్ద దొంగ. మా ఇంటి పడమర వైపు మామిడి కొమ్మ ఒకటి మూడు గంటలకు ఒక ప్యానెల్ మూలకు జానెడు నీడ వేసేది. జానెడే కదా అని వదిలేశాను. ఒకరోజు క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే మీటరు) పెట్టి చూస్తే ఆ వరుస మొత్తం కరెంటు పడిపోతోంది. ప్యానెళ్లు సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒకదాని గొంతు నొక్కితే వెనక ఉన్నవాటికీ ఊపిరాడదు. కొమ్మ కొట్టేశాం. మీరు కూడా ఒక ఆదివారం ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు గంటకోసారి మేడెక్కి నీడలు చూడండి. కడగడం మాత్రం తెల్లవారుజామునే. వేడెక్కిన గాజు మీద చన్నీళ్లు కొట్టకండి.

కొత్తగా బిగించేవాళ్లకు ఒక సలహా. అన్ని ప్యానెళ్లనూ దక్షిణానికే తిప్పాలని లేదు. కొన్నింటిని వేరే వరుసగా పడమరకు తిప్పితే మొత్తం దిగుబడి కాస్త తగ్గినా, సాయంత్రం నాలుగు ఐదు గంటల మధ్య కరెంటు ఎక్కువ దొరుకుతుంది. ఆ మేరకు బ్యాటరీ ఆలస్యంగా మొదలవుతుంది.

మూడో పని: లైన్లు విడదీయండి

ఇంట్లో ఉన్నవన్నీ ఒకే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్చు) కింద ఉంటే తూకం మీ చేతిలో ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి రెండు లైన్లు వేరు చేయించండి. మొదటి లైన్లో ఎప్పుడూ ఆగకూడనివి: లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, వైఫై. రెండో లైన్లో పగలు మాత్రమే నడిచేవి: మోటారు, గ్రైండర్, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె. మేము రెండో లైను స్విచ్చులకు ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాం. ఇంటికొచ్చిన చుట్టాలకు ఒక్క మాట చెబితే చాలు: ఎర్ర చుక్క ఉన్నవి ఎండ ఉన్నప్పుడే.

రెండో లైనుకు తక్కువ వోల్టేజీ దగ్గర దానంతట అదే తెగిపోయే రిలే పెట్టించుకుంటే ఇంకా నయం. రాత్రి ఎవరైనా మరిచిపోయి మోటారు వేసినా ఇల్లు చీకటి కాదు.

2 కిలోవాట్ల గీజర్, ఇండక్షన్ స్టవ్, ఏసీ లాంటివి ఈ సైజు వ్యవస్థలో రెండు లైన్లలోనూ వద్దు. నీళ్లు కాగడానికి సోలార్ వాటర్ హీటర్, వంటకు గ్యాస్.

నాలుగో పని: మధ్యాహ్నాన్ని పనితో నింపండి

అన్నింటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

బ్యాటరీ నిండాక, ప్యానెళ్లకూ బ్యాటరీకీ మధ్య ఉండే ఛార్జ్ కంట్రోలర్ ప్యానెళ్లను అదుపు చేస్తుంది. పైన 2 కిలోవాట్ల ఎండ ఉన్నా, ఇంట్లో 200 వాట్లే వాడుతుంటే ఆ 200 మాత్రమే తీసుకుంటుంది. మిగతాది పుట్టనే పుట్టదు. మొదటి ఏడాది మా ఇంట్లో రోజూ మధ్యాహ్నం ఆరేడు యూనిట్లు ఇలా పోయేవి, సాయంత్రం ఒక యూనిట్ కోసం వెతుక్కునేవాళ్లం.

మా ఇంటి ఎండ రోజు ఇలా ఉంటుంది. ఉదయం 10 వరకు ఎర్ర చుక్క స్విచ్చు ఏదీ ముట్టుకోం, బ్యాటరీని తాగనిస్తాం. 11 గంటలకు ప్యానెళ్లు 2.2 కిలోవాట్లు ఇస్తుంటాయి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సైజు కొలత) బ్యాటరీలు నాలుగు 48 వోల్టుల వరుసలో ఉంటే అవి తీసుకునేది 1 కిలోవాట్ లోపే. ఇంటికి 200 వాట్లు పోయినా 1 కిలోవాట్ మిగిలింది. 1 హెచ్‌పీ మోటారు లైను నుంచి లాగేది దాదాపు అంతే. అందుకే 11 గంటలకు మోటారు. అది ఆగాక గ్రైండర్. బట్టలుతికే రోజైతే 1 గంటకు వాషింగ్ మెషీన్. ఇడ్లీ పిండి ఇప్పుడు మధ్యాహ్నం రుబ్బి, సాయంత్రం దాకా ఫ్రిజ్‌లో పెట్టి, ఆపైన పులవడానికి బయట పెడుతుంది అమ్మ. "పొద్దున్నే బియ్యం నానబోస్తే అయిపాయె" అని ఆమే దారి చూపింది.

ఆ 11 గంటల మోటారుతో పైన ట్యాంకు నిండుతుంది. నిండిన ట్యాంకు కూడా ఒక నిల్వే. సాయంత్రం మోటారు అవసరమే రాదు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను మళ్లీ పైకి తోడేలా వాటిని కట్టారు. మీరు మధ్యాహ్నం ట్యాంకు నింపడం కూడా అదే తెలివి. ట్యాంకు నుంచి కరెంటు వెనక్కి తీసుకోవాలని మాత్రం ఆశపడకండి. వెయ్యి లీటర్లను 10 మీటర్ల ఎత్తున పెట్టినా అందులో ఉండే శక్తి 0.03 యూనిట్ కూడా కాదు. లాభమంతా మోటారు వేసే గంట మారడంలోనే ఉంది. ఇంటికి రెండు రోజులకు సరిపడా పెద్ద ట్యాంకు పెట్టుకుంటే ముసురు రోజున మోటారు జోలికి పోనక్కర్లేదు.

ఫ్రిజ్‌తోనూ ఇలాగే. ఫ్రీజర్‌లో ఖాళీ చోట నీళ్ల సీసాలు పెట్టండి, మూత దగ్గర రెండు వేళ్లు ఖాళీ వదిలి. పగలు అవి గడ్డకడతాయి. రాత్రి ఫ్రిజ్ తలుపు తీయడం తగ్గిస్తే కంప్రెసర్ తక్కువసార్లు తిరుగుతుంది. టార్చిలైట్లు, మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్, ఫోన్లు అన్నీ మధ్యాహ్నమే ఛార్జింగ్.

తోటకు డ్రిప్ నీళ్లు పెట్టే పెద్ద మోటారును మాత్రం బ్యాటరీ మీద పెట్టకండి. కుసుమ్ పథకంలో వచ్చే సోలార్ పంపుల్లాగా ప్యానెళ్ల నుంచి నేరుగా డ్రైవ్‌తో (మోటారు వేగాన్ని మార్చే పరికరంతో) నడిచేదే మేలు. ఎండ పెరిగితే నీళ్లు పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి. తూకం దానంతట అదే చూసుకుంటుంది.

ఐదో పని: మోటారు మొదటి గుక్క

మొదట చెప్పిన ఆ చీకటికి అసలు కారణం యూనిట్లు అయిపోవడం కాదు. 1 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు 5, 6 ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో మాత్రం దానికి ఐదు రెట్ల దాకా లాగుతుంది. ఫ్రిజ్ కంప్రెసర్ కూడా అంతే. ఆ గుక్కను ఇన్వర్టర్ తట్టుకోలేక ట్రిప్ అవుతుంది. క్లాంప్ మీటర్‌లో ఇన్‌రష్ అనే బటన్ ఉంటే అది నొక్కి మోటారు వేయించి చూడండి, మీ కళ్లకే తెలుస్తుంది.

మేము పెట్టుకున్న నియమం: మోటారు వేసేముందు గ్రైండర్, ఇస్త్రీ పెట్టె ఆపాలి, మోటారు ఊపందుకున్నాక ఒక నిమిషం ఆగి మిగతావి వేయాలి. అది చాలకపోతే మోటారును మెల్లగా ఊపందించే సాఫ్ట్ స్టార్టర్ గాని, డ్రైవ్ గాని పెట్టించండి. ఇన్వర్టర్ పెద్దది మార్చడం ఆఖరి దారి.

ఆరో పని: పొద్దున్నే వోల్టేజీ చూడండి

రోజూ ఉదయం 6 గంటలకు, ప్యానెళ్లకు ఎండ తగలకముందు, ఫ్యాన్లు ఆపి ఐదు నిమిషాలు ఆగి బ్యాటరీ వోల్టేజీ రాయండి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.7 దగ్గర, సగం ఉంటే 12.2 దగ్గర చూపిస్తుంది. నాలుగు కలిపిన 48 వోల్టుల వరుసకు 50.8, 48.8. మా నోటు పుస్తకంలో నియమం ఇలా రాసి ఉంది: 49.6 పైన ఉంటే మామూలు రోజు. 49.6కూ 48.8కీ మధ్య ఉంటే ఎర్ర చుక్కలు 12 గంటల తర్వాతే. 48.8 కింద ఉంటే ఆ రోజు ఎర్ర చుక్కలు బంద్, రాత్రి టీవీ కూడా బంద్.

లిథియం వాడేవాళ్లు వోల్టేజీని నమ్మకండి. చాలాసేపు ఒకేలా చూపించి చివర్లో దబ్బున పడిపోతుంది. బ్యాటరీలోనే ఉండి దాన్ని కాపాడే బీఎంఎస్ చూపించే శాతం రాసుకోండి.

బ్యాటరీ ఎంత కొనాలంటే

మా రాత్రి ఖర్చు 2.5 యూనిట్లు. లెడ్ యాసిడ్‌లో సగానికి మించి వాడకూడదు. నాలుగు 150 ఏహెచ్ బ్యాటరీలంటే 7.2 యూనిట్లు, వాడుకోదగ్గది 3.6. ఇన్వర్టర్‌లో పోయేది తీసేస్తే 3.2. ఒక రాత్రి హాయిగా గడుస్తుంది, రెండో రాత్రికి పొదుపు కావాలి. 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఒక్కటి 5.1 యూనిట్లు, అందులో 80 శాతం వాడినా 4.1 వస్తుంది.

మొదటి ఏడాది గడిచాక ఒక షాపువాళ్లు "ఇంకో నాలుగు వేసుకోండి, టెన్షన్ ఉండదు" అన్నారు. వేశాను. అప్పట్లో మోటారు, గ్రైండర్ అన్నీ రాత్రిపూటే నడిపేవాళ్లం కాబట్టి ఎనిమిదీ ఏనాడూ పూర్తిగా నిండలేదు. సగం ఆకలితో ఉన్న లెడ్ యాసిడ్ ప్లేట్ల మీద తెల్లగా సల్ఫేట్ పేరుకుంటుంది. ఏడాదిన్నరకే అన్నీ పోయాయి. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. వారానికి ఒక్కసారైనా పూర్తిగా నింపలేని బ్యాటరీని కొనకండి. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోండి.

నాలుగైదు ఇళ్లు కలిసి పెట్టుకుంటే

అందరూ ఒకే నిమిషంలో మిక్సీ వేయరు కాబట్టి ఇన్వర్టర్ మీద ఒత్తిడి విడివిడిగా పెట్టుకున్నదానికంటే తక్కువే. గొడవంతా యూనిట్ల దగ్గర వస్తుంది. ఇంటికో మీటరు, ఇంటికో చిన్న ఎంసీబీ, రోజుకు ఇంటికి ఇన్ని యూనిట్లు అన్న ఒప్పందం మొదటి రోజే రాసుకోండి. బిహార్‌లోని ధర్నాయి గ్రామంలో 2014లో 100 కిలోవాట్ల సోలార్ గ్రిడ్ ఎంతో పేరుతో మొదలైంది. ఫ్రిజ్‌లు, టీవీల లాంటి బరువైన వాడకాన్ని అది మోయలేకపోయింది, ఊరికి మామూలు లైను వచ్చాక మూలపడింది. ఎవరికి ఎంత అన్నది తేలకుండా స్విచ్ వేయకండి.

ముసురు పట్టినప్పుడు

వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే ముందురోజే ట్యాంకు నింపండి, పిండి రుబ్బేయండి, బట్టలు ఉతికేయండి, బ్యాటరీని పూర్తిగా నిండనివ్వండి. మొదటి రోజు మామూలుగానే గడుస్తుంది. రెండో రోజు ఉదయం పుస్తకంలో 48.8 కింద కనిపిస్తే చిన్న జనరేటర్ తీయండి. చాలామంది చీకటి పడ్డాక ఒక్క ఫ్యాన్ కోసం దాన్ని నడుపుతారు, ఆయిల్ దండగ. పొద్దున్నే వేసి, అదే గంటన్నరలో బ్యాటరీ ఛార్జింగ్, మోటారు రెండూ కానివ్వండి. బ్యాటరీ ముప్పావు దాటాక ఆపేయండి. చివరి పావు చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, అది ఎండకు వదిలేయాలి. జనరేటర్, ఇన్వర్టర్ రెండూ ఒకేసారి లైన్లోకి రాకుండా చేంజోవర్ స్విచ్ తప్పకుండా ఉండాలి. జనరేటర్ ఇంటి బయటే పెట్టండి, దాని పొగ మూసిన గదిలో ప్రాణం తీస్తుంది.

ఎండ తిరిగొచ్చిన రోజు అందరికీ ఆరాటంగా ఉంటుంది. మూడు రోజుల బట్టలు, ఖాళీ ట్యాంకు, మబ్బు వీడిన ఆకాశం. ఆ రోజు 12 వరకు ఓపిక పట్టి మోటారు ఒక్కటే వేయండి. బట్టలు మర్నాటికి. ఆ మర్నాడు ఉదయం 6 గంటలకు పుస్తకంలో 49.6కి పైన పడితే ఎర్ర చుక్కలన్నీ మళ్లీ మామూలే.